పెరట్లో పెద్ద వంటకి గ్యాస్ బర్నర్: అయిదు వేల లోపు ఏది మంచిది?

వశిష్ఠ ఒడ్డు (ఆచంట)

అందరికీ నమస్కారమండి. అమ్మ, అత్తయ్య, నేను కలిసి ఏటా సంక్రాంతికి అరిసెలు, జంతికలు, గవ్వలు ఆర్డర్ల మీద చేస్తుంటాం. మొదట్లో చుట్టాలకే చేసేవాళ్ళం. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు పార్సిళ్ళు కూడా వెళ్తున్నాయి. ఇన్నాళ్ళూ పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, కొబ్బరి మట్టలు, డొక్కలతో నెట్టుకొచ్చాం. పోయినసారి ధనుర్మాసం మంచుకి మట్టలన్నీ తడిసిపోయి ఒకటే పొగ. అమ్మకి పట్టుకున్న దగ్గు శివరాత్రి దాకా తగ్గలేదు. ఈసారి ఆవిడని ఆ పొయ్యి ముందు కూర్చోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

గ్యాస్ బర్నర్ కొందామని చూస్తే ఒక్కో షాపులో ఒక్కో మాట. ఒకరు పోత ఇనుముది అంటారు, ఒకరు హై ప్రెషర్ అంటారు, ఇంకొకరు ఫాస్ట్‌ఫుడ్ బళ్ళ మీద ఉండే చైనీస్ బర్నర్ చూపిస్తారు. మా గుండిగ 40 లీటర్లది. కార్తీకంలో వనభోజనాలకి కూడా అదే వాడతాం. బర్నరు, స్టాండు, రెగ్యులేటరు, పైపు అన్నీ కలిపి అయిదు వేలు దాటకూడదు. అన్నింటికంటే పెద్ద మంట వచ్చేది ఏదో చెప్తే అదే తీసుకుంటాను.

కొబ్బరితోట (రాజోలు)

చెల్లెమ్మా, మా తోటలో ఏటా కార్తీక వనభోజనాలు మూడు నాలుగు జరుగుతాయి. నేను హై ప్రెషర్‌దే కొన్నాను. నూట యాభై మందికి పులిహోర అన్నం వండాలన్నా, సాంబారు కాగాలన్నా దానికి తిరుగు లేదు. మంట మాత్రం జెట్ విమానంలా అరుస్తుంది, పక్క మనిషి మాట వినపడదు.

ఒక్క మాట. మనది ఒండ్రు మట్టి. నీళ్ళతో నిండిన గుండిగ ఎక్కేసరికి స్టాండు కాళ్ళు నేలలో దిగిపోతాయి. మొదటి ఏడు ఒక కాలు దిగి గుండిగ వాలిపోయింది. దేవుడి దయ, అప్పటికి చన్నీళ్ళే ఉన్నాయి. అప్పటి నుంచి నాపరాయి పలక వేసి దాని మీదే పెడుతున్నాను. పోత ఇనుము తల ఎన్నాళ్ళైనా ఉంటుంది కానీ స్టాండు మూడు కాళ్ళది వద్దు. నాలుగు కాళ్ళది, అడుగున పట్టీ వెల్డింగ్ చేసినది చూడమ్మా.

పొయ్యిల మరమ్మతు (రావులపాలెం)

ఇరవై ఏళ్ళుగా హోటళ్ళ పొయ్యిలు, కేంటీన్ బర్నర్లు బాగుచేస్తున్నానండి. అందరూ పెద్ద మంట ఏది అనే అడుగుతారు. నేను ముందు అడిగేది గిన్నెలో ఏం ఉంటుందని.

నీళ్ళు, అన్నం, సాంబారు అయితే ఎంత మంటైనా పరవాలేదు. మీరు చెప్పినవి బెల్లం పాకం, నూనె. ఈ రెండింటికీ కావలసింది తగ్గే మంట. హై ప్రెషర్ బర్నర్ని కొంత మేరకే తగ్గించగలం. ఇంకా తగ్గిస్తే మంట ఆరిపోతుంది, లేదా టప్‌మని జెట్టు (గ్యాస్ చిమ్మే సన్నని రంధ్రం) దాకా వెనక్కి దిగిపోతుంది. కొబ్బరితోట గారి వాడకానికి అది సరిపోయింది, నేను కాదనను. కానీ దాని మీద అరిసెల పాకం పెడితే అడుగు నల్లబడటానికి రెండు నిమిషాలు చాలు.

మీరు చూడవలసింది రెండు వలయాల బర్నరు. లోపలి వలయానికి ఒక వాల్వు, బయటి వలయానికి ఒక వాల్వు. నీళ్ళు మరిగేటప్పుడు రెండూ తిప్పుకోండి, పాకం దగ్గరికి వచ్చాక బయటిది పూర్తిగా కట్టేసి లోపలిది సిమ్‌లో ఉంచుకోండి. కేంటీన్ సామాన్ల షాపుల్లో ఉంటుంది. కొనే ముందు ఆ రెండు వాల్వులూ చేత్తో తిప్పి చూడండి. గట్టిగా పట్టేసినా, మరీ వదులుగా తిరిగినా ఆ పీసు వదిలేయండి.

చైనీస్ బర్నర్ మీకు వద్దే వద్దు. అది నిమిషంలో నూడుల్స్ ఎగరేసే పనికి పుట్టింది.

వశిష్ఠ ఒడ్డు

అయ్యో, అసలు ఈ సంగతే నాకు తట్టలేదండి. నిజమే, మట్టల పొయ్యి మీద పాకం పట్టేటప్పుడు అమ్మ మట్టలన్నీ బయటికి లాగేసి నిప్పుల మీదే ఉంచుతుంది. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి చూసి, మెత్తగా ఉండ కట్టగానే గుండిగ దించి తడి పిండి పోసి కలపమంటుంది. ఆ క్షణం దాటితే అరిసె రాయే. ఆవిడకి కావలసిన సెగ ఆ నిప్పుల సెగన్నమాట.

మరి హై ప్రెషర్, లో ప్రెషర్ అంటే తేడా ఏమిటో కాస్త చెప్తారా? ఇంట్లో ఉన్న రెగ్యులేటరే పెట్టుకోవచ్చా?

హ్యూస్టన్ గోదారోడు (సొంతూరు పాలకొల్లు)

అక్కా, నేను మీ పక్క ఊరి వాణ్ణే. ఇక్కడ టెక్సాస్‌లో ఉంటాను. నేను కాచేది పాకం కాదు, బీరు. ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం చాలామందికి ఆదివారం సరదా. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం, 1979 ఫిబ్రవరి నుంచి ఫెడరల్ పన్ను లేకుండా ఇంటి అవసరానికి కాచుకోనిచ్చింది. ఒక్కరే పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ ఆపైన ఉంటే 200. అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజు నేరం, కనుక ఇది చదివి అక్కడ ఎవరూ ప్రయత్నించవద్దు. నేను చెప్పేది పొయ్యి గురించి మాత్రమే.

ఒక విడతకి 5 గ్యాలన్ల బీరు, అంటే 19 లీటర్లు. దానికోసం మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టి తీసిన తియ్యటి నీళ్ళు 25, 26 లీటర్లు గంటసేపు తెరలించాలి. ఇంట్లో స్టవ్ మీద అది మరగనే మరగదు. అందుకే అందరం పెరట్లో ప్రొపేన్ బర్నర్ పెడతాం. నేను మొదటిసారి డబ్బా మీద అంకె చూసి కొన్నాను. ఇక్కడ మంట బలాన్ని బీటీయూల్లో (అదో వేడి కొలత) రాస్తారు. గంటకి 3,412 బీటీయూలు అంటే ఒక కిలోవాట్. నేను కొన్నది రెండు లక్షల బీటీయూలు దాటిన, బాంజో అనే పెద్ద బర్నర్. నా చిన్న కుండకి మంట అడుగు దాటి పక్కల నుంచి పైకి వచ్చేది, కుండ చెవులు కాలిపోయేవి, సిలిండరు గబగబా ఖాళీ అయ్యేది. తరువాత 60,000ది తీసుకున్నాను, అంటే 17 కిలోవాట్ల పైచిలుకు. అదే సమయానికి అదే పని అయింది, గ్యాస్ బాగా తగ్గింది.

మీ 40 లీటర్లకి లెక్క ఇదిగో. లీటర్లని ఎన్ని డిగ్రీలు పెంచాలో దానితో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్ల వేడి కావాలో వస్తుంది. కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 30 డిగ్రీల నీళ్ళు 100కి రావాలంటే 40 ఇంటూ 70 బై 860, అంటే మూడుంపావు యూనిట్లు. కిలో ఎల్పీజీలో దాదాపు 12.8 యూనిట్లు ఉంటాయి కానీ ఆరుబయట గిన్నెలోకి చేరేది అందులో నూటికి 40 వంతులు అనుకోండి, అంటే అయిదు. కనుక గుండిగ నీళ్ళు మరగడానికి ముప్పావు కిలోకి కాస్త తక్కువ గ్యాస్. 12 కిలోవాట్ల బర్నరైతే నలభై నిమిషాలు. ఇంటి స్టవ్‌లో పెద్ద బర్నరు మూడు కిలోవాట్ల లోపే ఉంటుంది. మీకు 12 నుంచి 15 చాలు, అంతకు మించి కొంటే డబ్బు దండగ.

చెరువుగట్టు (ఉండి)

తమ్ముడు ఆరుబయట నూటికి 40 వంతులన్నాడు. గాలి లేనప్పుడు సంగతి అది. మా చెరువు గట్టు మీద కూలీలకి వంట పెడతాం. అక్కడ సాయంత్రం గాలి ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకి తెలుసు. మేత బస్తాలు తూచే కాటా ఉంది కదా అని ఒకరోజు సిలిండరుని వంటకి ముందూ వెనకా తూచాను. అదే గుండిగ, అవే 40 లీటర్లు. ఏ అడ్డూ లేకుండా కాచినప్పుడు కిలో దాటింది. మర్నాడు పొయ్యి చుట్టూ మూడు వైపులా రేకు కట్టి కాచాను. ముప్పావు కిలో లోపే తేలింది.

ఆ రేకు నాకు ఊరికే వచ్చింది, పాత నూనె డబ్బా కోసి చదును చేసిందే. బర్నరు మీద ఇంకో వెయ్యి పెట్టే బదులు ముందు ఇది చేయండమ్మా. ఒకటే జాగ్రత్త, నాలుగు వైపులా మూసేయకూడదు. మంటకి కింద నుంచి గాలి అందాలి, సిలిండరు రేకుకి బయట ఉండాలి. రేకు వెనక్కి కొట్టిన వేడి సిలిండరుకి తగలకూడదు.

పొయ్యిల మరమ్మతు

ఆచంట అమ్మాయి అడిగినదానికి జవాబు. ఇంటి రెగ్యులేటరు గ్యాసుని బాగా తగ్గించి, ఒకే ఒత్తిడి మీద, అంటే సుమారు 30 మిల్లీబార్ల దగ్గర వదులుతుంది. మీరు దాన్ని పెంచలేరు. హై ప్రెషర్ రెగ్యులేటరుకి తిప్పే పిడి ఉంటుంది, దానితో ఒత్తిడి అనేక రెట్లు పెంచుకోవచ్చు. బర్నరు జెట్టు రంధ్రం ఈ రెంటిలో ఒకదానికే సరిపడేలా తయారవుతుంది. లో ప్రెషర్ బర్నర్‌కి హై ప్రెషర్ ఇస్తే మంట మనిషి ఎత్తు లేస్తుంది. హై ప్రెషర్ బర్నర్‌కి ఇంటి రెగ్యులేటరు పెడితే మంట నీరసంగా, పసుపుపచ్చగా ఉంటుంది. అప్పుడు కొందరు సూదితోనో డ్రిల్లుతోనో జెట్టు పెద్దది చేస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. అలా చేసి తెచ్చిన బర్నర్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి, ఏదీ మళ్ళీ సరిగా వెలగలేదు.

పైపు కూడా అంతే. ఇంటి స్టవ్ నారింజ రంగు సురక్షా పైపు హై ప్రెషర్‌కి పనికిరాదు. దాని మీద ఉన్న తేదీ చూడండి, అయిదేళ్ళు దాటితే ఇంట్లో కూడా మార్చేయండి.

ఇంకొకటి. మీది అమ్మకం కాబట్టి ఇంటి 14.2 కిలోల సిలిండరు వాడకూడదు, 19 కిలోల కమర్షియల్‌ది కావాలి. ఏజెన్సీలో కనెక్షన్ రాయించుకోండి. డిపాజిట్టు అయిదు వేల లెక్కలో కలపకండి, అది వేరు.

వంటమేస్త్రి గారబ్బాయి (తణుకు)

19 కిలోలది మంచిదనడానికి ఇంకో కారణం చెప్తాను. ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరై పైకి రావాలంటే వేడి కావాలి, ఆ వేడిని అది బండ (సిలిండరు) గోడ నుంచే లాగుతుంది. చిన్న బండ మీద పెద్ద బర్నరు పెడితే గంటలో బండ మంచుముద్దలా అయిపోతుంది. మన దగ్గర తేమ ఎక్కువ కనుక పైన చెమట పట్టి, ఆ మీద తెల్లగా మంచు కడుతుంది. లోపల ఇంకా గ్యాస్ ఉన్నా మంట పడిపోతుంది.

అప్పుడు పెళ్ళిళ్ళలో కొందరు బండని వేడినీళ్ళ టబ్బులో దించుతారు, పడుకోబెడతారు కూడా. నా కళ్ళతో చూశాను. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి వస్తుంది, మంట ఒక్కసారిగా ఇంతెత్తు లేస్తుంది. మా నాన్నగారు నలభై ఏళ్ళు వంటలు చేశారు, ఒక్కసారి కూడా చేయనివ్వలేదు. మంట తగ్గితే బర్నరు కట్టి, బండ మామూలు చలికి వచ్చేదాకా ఆగేవారు. పని పెద్దదైతే రెండు బండలు కలిపే మానిఫోల్డు పెట్టించేవారు.

ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో బండని నిలువుగా ఒక చార తుడవండి. పైన తొందరగా ఆరిపోతుంది, ద్రవం ఉన్న మేర తడి కాసేపు నిలుస్తుంది. ఆ గీత దాకా గ్యాస్ ఉన్నట్టు.

రేకుల పొయ్యి (ఆత్రేయపురం)

మా ఇంట్లో పూతరేకులు చేస్తాం. రేకు తీసేది ఇప్పటికీ బోర్లించిన కుండ మీదే, కింద ఎండు కొబ్బరాకు మంట. జయ బియ్యం పిండిలో తడిపిన గుడ్డ కుండ మీద వేసి లాగేటప్పటికి ఆ మంట పెరగాలి, వెంటనే తగ్గాలి. గ్యాస్ మీద ప్రయత్నించాం, కుండ ఒక్కచోటే కాలి రేకు అక్కడ మాడుతుంది. 2023లో మా రేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆర్డర్లు పెరిగాయి, అయినా ఆ పొయ్యి మార్చలేదు. నెయ్యి కాచడానికీ, బెల్లం కరిగించడానికీ మాత్రం గ్యాసే.

అమ్మ గారి దగ్గు చదివి బాధనిపించింది. మా అత్తగారికీ అదే. అన్నీ ఒక్కసారే మార్చనక్కరలేదు. పొగ ఎక్కువ వచ్చే పనులు ముందు గ్యాస్ మీదకి తీసుకోండి.

నగరం వాసి (మామిడికుదురు మండలం)

గ్యాస్ మాట వస్తే నేను మాట్లాడకుండా ఉండలేను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా ఊళ్ళో పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అంతకు ముందు 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండటం చిన్నప్పుడు చూసినవాళ్ళం. ఆ పైపు గ్యాస్ వేరు, మీ బండ గ్యాస్ వేరు, నాకు తెలుసు. భయపెట్టడానికి రాయడం లేదు.

బండలో గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లంలో చేరుతుంది. మన పెరళ్ళలో మురుగు కాలవ, బావి గట్టు, దిగుడు వంటిల్లు ఉంటాయి కదా, అవే పల్లాలు. బండ వాటి పక్కన పెట్టకండి. వాసన వస్తే ముందు బండ దగ్గర కట్టండి, స్విచ్ ముట్టుకోకండి, అగ్గిపుల్ల మాట తలవకండి, దూరంగా వచ్చి 1906కి ఫోన్ చేయండి. పైపు బిగించిన ప్రతిసారీ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. మా ఇంట్లో పిల్లలకి కూడా ఇది నేర్పాను.

బండ తీసుకునేటప్పుడు మెడ దగ్గర పట్టీ లోపల రాసిన అక్షరం, అంకె చూడండి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, అలా డి దాకా. పక్కన ఏడాది. ఆ గడువు దాటిన బండైతే తీసుకోవద్దు, వెనక్కి పంపండి.

హ్యూస్టన్ గోదారోడు

నగరం అన్నయ్య చెప్పింది ప్రతి ముక్కా నిజం. దానికే కలుపుతున్నాను. బీరు నీళ్ళు తొలి తెర్లు వచ్చేటప్పుడు పాలు పొంగినట్టు నురగ లేస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు పొర్లి బర్నరు ఆరిపోతుంది. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఆరుబయట వెలుగులో నీలం మంట కనపడదు కూడా. బెల్లం పాకమూ అలాగే పొంగుతుంది కదా అక్కా. 40 లీటర్ల గుండిగలో పాకం 25 లీటర్లు మించి పోయకండి. పొంగు వచ్చి తగ్గే దాకా ఒక మనిషి చెయ్యి వాల్వు మీదే ఉండాలి. షెడ్డులో, గదిలో మాత్రం పెట్టకండి. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

కొబ్బరితోట

నాకు ఒక సందేహం. నా బర్నరు పోయిన నెల తీస్తే మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నెకి మసి పట్టింది. తల కడిగాను, లాభం లేదు. పైగా వెనక గాలి రంధ్రం దగ్గర మంట అంటుకుంది. ఎందుకంటారు?

పొయ్యిల మరమ్మతు

కుమ్మరి కందిరీగ చూశారా? వాడని బర్నరు గొట్టంలో అది మట్టి గూడు కడుతుంది. గొట్టం మూసుకుంటే గ్యాసుకి గాలి సరిగా కలవదు, మంట వెనక్కి తంతుంది. వెంటనే వాడటం ఆపండి. బండ నుంచి విడదీసి, గొట్టం ఊడదీసి సీసాలు కడిగే బ్రష్షుతో తోసి చూడండి. వాడనప్పుడు రెండు కొసలకీ గుడ్డ కట్టి ఉంచండి, మళ్ళీ వెలిగించే ముందు విప్పడం మరవకండి.

కొబ్బరితోట

ఊడదీశానండి. జానెడు పొడవునా మట్టే! లోపల ఎండిపోయిన సాలెపురుగులు. తీసేశాక మంట నీలంగా వచ్చింది. ఇన్నాళ్ళూ బర్నరు పాడైందనుకుని కొత్తది బేరం ఆడుతున్నాను. చాలా థాంక్స్ అన్నయ్యా.

వశిష్ఠ ఒడ్డు

రెండు వారాలుగా రాయలేదు, క్షమించండి. నిన్న మొదటి వాయి అయింది.

రెండు వలయాల లో ప్రెషర్ కేంటీన్ బర్నరు, నాలుగు కాళ్ళ స్టాండుతో తీసుకున్నాను. షాపు వాళ్ళనే దానికి తగిన రెగ్యులేటరు, పైపు ఇమ్మన్నాను. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు. 19 కిలోల బండ ఏజెన్సీలో రాయించాం. అరుగు పక్కన నాపరాయి వేశాం, ఉత్తరం వైపు, రెండు పక్కలా నూనె డబ్బా రేకు నిలబెట్టాం. బండ రేకుకి అవతల, కాలవకి దూరంగా పెట్టాం. సబ్బు నురగ అత్తయ్య పూసింది, బుడగ లేదు.

ముందు పది లీటర్ల నీళ్ళు పెట్టి ఫోనులో టైమ్ చూశాను. పదకొండు నిమిషాలకి మరిగాయి. తరువాత అమ్మని పిలిచాను. బయటి వలయం కట్టేసి లోపలిది తగ్గించి వాల్వు ఆవిడ చేతిలో పెట్టాను. కాసేపు నమ్మలేదు, మంట లేనట్టే ఉంది అంది. బెల్లం కరిగి, నురగ ఎర్రబడి, బుడగలు చిన్నవయ్యాయి. పళ్ళెంలో చుక్క వేసి రెండు వేళ్ళతో నలిపి, ఇంకా వేడి మీదే ఉండ చేసి, పళ్ళేనికి వేసి కొట్టింది. టక్ మనలేదు, మెత్తగా ఆనింది. "కట్టెయ్, పిండి పొయ్" అంది. మట్టల పొయ్యిలో అయితే అప్పుడు గుండిగని ఇద్దరం పట్టి దించేవాళ్ళం. నిన్న వాల్వు కట్టాను, అంతే.

మొదటి అరిసె కాస్త ఎర్రబడింది, నూనె వేడి ఎక్కువైంది. రెండో వాయి నుంచి కుదిరింది. మూడు గంటలు కూర్చుంది, ఒక్కసారి దగ్గలేదు.

ఒక్క ఇబ్బంది. మా మూకుడు అడుగు గుండ్రం, స్టాండు మీద ఊగుతోంది. ప్రస్తుతానికి ఇనుప వలయం పెట్టాం కానీ మంటకీ మూకుడికీ మధ్య ఎడం ఎక్కువై వేడి తేడాగా తగులుతోంది. ఎంత ఎడం ఉంచాలండి?

పొయ్యిల మరమ్మతు

సంతోషం అమ్మా. నీలం మంట కొసలు మూకుడు అడుక్కి తాకీ తాకనట్టు ఉండాలి. లోపలి నీలం కోన్ మాత్రం లోహానికి ఆనకూడదు, ఆనితే మసి, విషవాయువు రెండూ వస్తాయి. వలయం ఎత్తు తగ్గించి, గాలి పోవడానికి చుట్టూ నాలుగు గాట్లు పెట్టించండి. మూకుడు చుట్టుకొలత రాయండి, మా వెల్డింగ్ కుర్రాడి చేత కోయించి రావులపాలెం బస్సుకి పంపిస్తాను.